స్పీకర్ బాక్సు అతుకు విడిపోయింది: విప్పి అతికించాలా, సందులోకి జిగురు ఎక్కిస్తే చాలా?

రాగశ్రోత:
అందరికీ నమస్కారమండీ. నా నిలువు స్పీకర్ల జతలో ఎడమదానికి వెనక నిలువు అంచు విడిపోయింది. పై మూల దగ్గర సందులో బ్యాంకు కార్డు దూరుతోంది. కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, సగం ఎత్తుకల్లా వెంట్రుకవాసి గీతలా మిగిలింది. అడుగు పలక కూడా ఒక పక్క వేలితో నొక్కితే కదులుతోంది.

బాక్సు పార్టికల్ బోర్డుది, మందం 18 మి.మీ. పైన చెక్క గీతలున్న వినైల్ తొడుగు. 8 అంగుళాల వూఫరు (కింది స్వరాలు పలికేది), ఒక ట్వీటరు (పై స్వరాలు పలికేది), వెనక పోర్టు (గాలి ఆడే గొట్టం). లోపలి ఘనపరిమాణం దాదాపు 40 లీటర్లు. వూఫర్ రబ్బరు అంచు చెక్కుచెదరలేదు. పాట వింటుంటే కింది స్వరాల దగ్గర బుస్సుమని గాలి చప్పుడు, దానితో పాటు అప్పుడప్పుడు ఒక గరగర.

ఈ స్పీకర్లంటే నాకు చాలా ఇష్టం, పారేసే ఆలోచన లేదు. సందులో సిలికాన్ నింపి వదిలేయవచ్చా? లేక బాక్సంతా ఊడదీయాలా? చెక్క పని నాకు పెద్దగా రాదు.

మరమ్మతు_మిత్రుడు:
బాక్సంతా ఊడదీయక్కర్లేదండీ. సిరంజిలో తెల్ల జిగురు పట్టి సందులోకి ఎక్కించండి, బెల్టుతో బిగించి రాత్రంతా వదిలేయండి. గాలి ఇంకా వస్తుంటే లోపలి నుంచి సిలికాన్ పూయండి.

చెక్కపొట్టు:
రాగశ్రోత గారూ, దయచేసి సిలికాన్ ట్యూబు ఇప్పుడే తెరవకండి. అది సందు మూసే పదార్థం. పలకను పలకతో పట్టి ఉంచే బలం దానికి లేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది తర్వాత వస్తుంది. ఒకసారి పార్టికల్ బోర్డు రంధ్రాల్లోకి సిలికాన్ వెళ్లిందంటే దాని పొర పూర్తిగా వదలదు, ఆ చోట ఇంక ఏ జిగురూ పట్టదు. రేపు సరిగ్గా అతికిద్దామన్నా దారి మూసుకుపోతుంది.

మిత్రుడు గారు చెప్పిన సిరంజి పద్ధతి మంచిదే, అయితే దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. తెల్ల జిగురు, అంటే పీవీఏ, చెక్క నారలోకి ఇంకి పట్టుకుంటుంది. పాత జిగురు ఎండి గాజు పొరలా ఉన్న చోట అది ఇంకదు. పైన తేలి ఎండుతుంది, నాలుగు రోజులు నిలబడినట్టు కనిపించి బాస్ గట్టిగా పడగానే మళ్లీ విడిపోతుంది. ఇలా రెండోసారి ఊడిన పెట్టెలే నా దగ్గరికి ఎక్కువ వస్తుంటాయి. పాత జిగురు వదిలించి పచ్చి చెక్క కనిపించేలా చేయడమే అసలు పని. జిగురు పూయడం, బిగించడం ఆ తర్వాత తేలిక.

సందులోకి టార్చి వేసి చూడండి. అంచు మీద మెరిసే పొర ఉందా, లేక చెక్క రవ్వలు లేచి పొడిగా ఉందా? ముందు అది చెప్పండి.

నాదలహరి:
జిగురు సంగతి చెక్కపొట్టు గారు చూసుకుంటారు. నేను శబ్దం వైపు నుంచి చెబుతాను. బుస్సుమనడం వేరు, గరగర వేరు. మొదటిది గాలి కారడం. రెండోది ఏదో వదులైన పలకో, తీగో కొట్టుకోవడం. రెండూ ఒకే అతుకు నుంచి రావాలని లేదు.

పోర్టున్న పెట్టెలో లోపలి గాలి స్ప్రింగులా, పోర్టు గొట్టంలోని గాలి దాని మీద ఊగే బరువులా పనిచేస్తాయి. ఆ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర పలుకుతాయి, దాన్నే పోర్టు ట్యూనింగు అంటారు. ఆ చుట్టుపక్కల వూఫర్ కోను (ముందుకూ వెనక్కీ ఊగే శంకువు) అతి తక్కువగా కదులుతుంది, శబ్దమంతా పోర్టు నుంచే వస్తుంది, పెట్టె లోపల పీడనం కూడా బలంగా ఉంటుంది. అందుకే సందులో గాలి ఈల వేసేది కింది స్వరాల దగ్గరే. కారుతున్న పెట్టెలో ఈ పలుకు బలహీనపడుతుంది. ఇంపెడెన్స్ గీత (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటుకు స్పీకరు ఎంత అడ్డుపడుతుందో చూపేది) గీస్తే కింద కనిపించే రెండు శిఖరాలూ కుంగిపోతాయి. మూసిన పెట్టెల సంగతి ఇంకా సున్నితం. 1954లో ఎడ్గర్ విల్చర్ అకూస్టిక్ రీసెర్చ్ సంస్థ ఏఆర్-1 స్పీకరుతో తెచ్చిన ఎయిర్ సస్పెన్షన్ పద్ధతిలో కోనును వెనక్కి లాగే పని ప్రధానంగా పెట్టెలోని గాలిదే. అక్కడ సన్నని సందు కూడా బాస్ స్వభావాన్నే మార్చేస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. పోర్టులో మెత్తటి గుడ్డ గట్టిగా కుక్కండి. వూఫర్ కోను మీద, మధ్య టోపీని తాకకుండా, దానికి రెండు పక్కలా సమానంగా వేళ్లు ఆనించి నెమ్మదిగా లోపలికి నొక్కి వదలండి. గాలి చొరబడని పెట్టెలో కోను తాపీగా వెనక్కి వస్తుంది. కారే పెట్టెలో టక్కున వచ్చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుడి స్పీకరు మీద కూడా ఇదే చేసి పోల్చండి. జతలో ఒకటి బాగుండటం మీకు కలిసొచ్చిన విషయం.

ఆ తర్వాత గుడ్డ తీసి 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య సైన్ స్వరం తక్కువ వాల్యూములో పెట్టి, తడి వేలిని అతుకుల వెంట నడపండి. గాలి తగిలిన చోట చల్లగా తెలుస్తుంది. పోర్టు ట్యూనింగు కంటే కింది స్వరాలు మాత్రం గట్టిగా పెట్టకండి, అక్కడ కోనుకు గాలి ఆసరా ఉండదు, హద్దు దాటి కదిలి దెబ్బతింటుంది.

పాతపెట్టె:
మీరు చెప్పిన వర్ణన చూస్తే ఇది మడత పెట్టె అనిపిస్తోంది. వినైల్ అతికించిన ఒకే పొడవాటి బోర్డు తీసుకుని, వెనక నుంచి వి ఆకారంలో గాళ్లు కోస్తారు. వినైల్ తెగకుండా బోర్డు మాత్రమే తెగేలా. గాళ్లలో జిగురు పోసి ఆ బోర్డును చుట్టూ మడిచేస్తే పెట్టె తయారు. మూలల్లో ఉన్నది 45 డిగ్రీల అతుకు, బయట కీలు లాగా పట్టుకుని ఉన్నది వినైల్ తొడుగు. చివరికి రెండు కొసలు కలిసే మూల ఒకటి మిగులుతుంది. అక్కడ వినైల్ ఆసరా కూడా ఉండదు, కాబట్టి ముందు ఊడేది తరచూ అదే. వెనక పలక లోపలి గాడిలో కూర్చుని ఉంటుంది.

కాబట్టి రెండు విషయాలు. ఒకటి, ఈ పెట్టెను ముక్కలు ముక్కలుగా విప్పాలని చూడకండి. విప్పితే వినైల్ చిరుగుతుంది, దాన్ని మళ్లీ కలపలేం. రెండు, ఊడిన మూలను కీలు తెరిచినట్టు కొంచెం తెరవవచ్చు, శుభ్రం చేయడానికి ఆ మాత్రం చాలు.

1950లకు ముందు నాటి చెక్క పెట్టెలైతే కథ వేరు. వాటిలో పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన వేడి జిగురు వాడేవారు. అది వేడికీ తడికీ మెత్తబడి వదులుతుంది, మళ్లీ అదే జిగురు పూస్తే పాతదానితో కలిసిపోయి పడుతుంది. మీది ఆ రకం కాదు.

రాగశ్రోత:
అందరికీ ధన్యవాదాలు. పరీక్షలు చేశాను. కుడిది నొక్కితే తాపీగా వెనక్కి వచ్చింది, ఎడమది వేలు తీసేలోపే వచ్చేసింది. తడి వేలికి వెనక అంచు పై సగమంతా గాలి తగిలింది. అడుగున కూడా. టార్చి వేస్తే లోపల పసుపురంగు పొర మెరుస్తోంది, కొన్ని చోట్ల చెక్క రవ్వలు లేచాయి.

మూల పాతపెట్టె గారు చెప్పినట్టే ఉంది, వినైల్ రెండు కొసలు కలిసే చోటే ఊడింది. వూఫరు తీసి లోపలికి చూడాలనుకుంటున్నాను. తీసేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

నీలిమేఘం:
ముందు స్పీకరును వెల్లకిలా పడుకోబెట్టండి, వూఫరు పైకి చూడాలి. మరలు విప్పుతుంటే స్క్రూడ్రైవరును అయస్కాంతం లాగేస్తుంది, కొన జారిందంటే కోను చిరుగుతుంది. ఒక దళసరి అట్టను వూఫరు మీద పరిచి, మర ఉన్న చోట మాత్రమే చిన్న సందు ఉంచి పనిచేయండి. మరలన్నీ పోయాక కూడా వూఫరు రాకపోతే గాస్కెట్ (గాలి కారకుండా అంచు కింద వేసే పట్టీ) అంటుకుని ఉందని అర్థం. సన్నటి పుట్టీ బ్లేడు అంచు కింద దూర్చి చుట్టూ కొద్దికొద్దిగా లేపండి. ఒకే చోట ఎత్తితే చట్రం వంగుతుంది.

తీగలు పీకే ముందు ఫోటో తీసుకోండి. మామూలుగా వెడల్పు ట్యాబు ప్లస్, సన్నది మైనస్. అనుమానం వస్తే 1.5 వోల్టుల బ్యాటరీని వూఫరుకు ఒక్క క్షణం తాకించండి, కోను బయటికి కదిలితే బ్యాటరీ ప్లస్ తగిలిన వైపే ప్లస్. పాత జేబీఎల్ వూఫర్లు కొన్ని దీనికి తిరగబడి ఉంటాయి, అక్కడ ఎలా ఉన్నది అలాగే తిరిగి కలపడమే సరైనది. ట్వీటరు మీద బ్యాటరీ ప్రయోగం వద్దు.

లోపల పసుపు గాజుదూది ఉంటే చేతితొడుగులు, మాస్కు తప్పనిసరి. దూదిని ఏ గోడ మీద ఎంత మందం ఉందో అలాగే తిరిగి పెట్టాలి కనుక దానికీ ఒక ఫోటో. ట్వీటరును, క్రాసోవరును (స్వరాలను వూఫరుకూ ట్వీటరుకూ పంచే సర్క్యూటు) కదపక్కర్లేదు, వాటి మీద పాలిథిన్ కప్పండి. పొట్టు అయస్కాంతం సందులోకి పోతే తీయలేం, వూఫరును మాత్రం పని జరిగే గదిలో ఉంచకండి.

చెక్కపొట్టు:
మెరిసే పసుపు పొర అంటే పాత జిగురే. ఇప్పుడు శుభ్రం చేసే పద్ధతి చెబుతాను, ఇక్కడ తొందరపడకండి.

ఊడిన మూలను చేతులతో మెల్లగా తెరిచి, తెరిచిన సందు మూసుకోకుండా పైనా మధ్యలోనూ చిన్న చెక్క చీలలు దూర్చండి. సుత్తితో కొట్టకూడదు, వేలితో నెట్టినంతే. చీల ముందుకు పోనని మొరాయించిన చోట అతుకు ఇంకా బలంగా ఉంది, దాన్ని అలాగే వదిలేయండి. బలంగా ఉన్న అతుకును ఊడగొట్టి మళ్లీ అతికించడం వల్ల ఏ లాభమూ లేదు.

ఇనుము కోసే రంపం బ్లేడు ఒకటి, విడిగా. దాన్ని సందులో పెట్టి పైకీ కిందికీ గీకితే పాత జిగురు పెచ్చులుగా రాలుతుంది. బ్లేడు ఒక పక్కకే ఆనేలా పట్టుకోవాలి. లేకపోతే 45 డిగ్రీల ముఖం గుండ్రపడి, మూసినప్పుడు బయట గీత కనిపిస్తుంది. మొండిగా ఉన్న చోట జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి గాలి పట్టండి, పీవీఏ వేడికి మెత్తబడుతుంది. కానీ వినైల్ కూడా వేడికి సాగుతుంది కనుక లోపలి వైపు నుంచే. వెనిగరుకు కూడా పీవీఏ మెత్తబడుతుందని చాలాచోట్ల చెబుతారు, నిజమే. పార్టికల్ బోర్డు మీద మాత్రం పోయకండి, నీరు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ తగ్గదు. అసిటోన్ లాంటివి వినైల్ రంగును తినేస్తాయి.

ఆఖరున 80 నంబరు గరుకు కాగితాన్ని సన్నటి రేకుకు అతికించి రెండు ముఖాలూ రుద్దండి. వాక్యూమ్ క్లీనరుతో పొట్టంతా లాగేయండి. ఈ బోర్డుల్లో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ రెసిన్ ఉంటుంది, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు, మాస్కు తీయకండి.

పని అయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా. పుల్ల కొనతో సూది మొనంత నీటి బొట్టు అక్కడక్కడ పెట్టండి. పచ్చి చెక్క మీద బొట్టు ఇంకి నల్లబడుతుంది. జిగురు మిగిలి ఉంటే పూసలా నిలబడుతుంది. పూస నిలబడినంత కాలం రుద్దుతూనే ఉండాలి.

మరమ్మతు_మిత్రుడు:
నీటి బొట్టు చిట్కా నాకు తెలియదు, రాసి పెట్టుకున్నాను. ఒక సందేహం. పాత జిగురు ఇంత గీకాల్సి వస్తే ఎపాక్సీయో, నురగ వచ్చే పాలీయురేథేన్ జిగురో వాడితే ఈ శ్రమ తప్పదా? నురగ పొంగి సందంతా నింపుతుంది కదా.

చెక్కపొట్టు:
పాలీయురేథేన్ నురగ సందు నింపడం నిజమే. కానీ ఆ నురగలో ఉన్నది ఎక్కువగా గాలి, బలం దాదాపు లేదు. బలమంతా పలకలు దగ్గరగా బిగిసిన చోటే. పైగా పొంగేటప్పుడు అతుకును బయటికి తోస్తుంది, వినైల్ మీద పడితే పోదు. ఈ పెట్టెకు నేను వాడను.

ఎపాక్సీ వేరు. రవ్వలు లేచిపోయి రెండు ముఖాలూ ఒకదానికొకటి కూర్చోని చోట అదే మేలు. ఖాళీని నింపుతూ గట్టిపడుతుంది, కాస్త సన్నటి రంపపు పొట్టు కలిపితే కారకుండా నిలుస్తుంది. అయిదు నిమిషాల రకం తీసుకోకండి, పూసి మూసేలోపే బిగుసుకుంటుంది. నిదానంగా ఆరేది కావాలి. ఎపాక్సీ వేసినప్పుడు బలంగా బిగించకూడదు, మొత్తం బయటికి పిండేస్తే అతుకులో ఏమీ మిగలదు. అయితే ఎపాక్సీకైనా శుభ్రమైన ముఖమే కావాలి. ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న పాత పొర మీద ఎంత గట్టి జిగురు పూసినా, ఆ పొరతో పాటే ఊడి వస్తుంది.

రాగశ్రోత గారి పెట్టెకు నా సలహా: ముఖాలు బాగా కూర్చునే చోటంతా పీవీఏ, రవ్వలు పోయిన చోట ఎపాక్సీ.

రాగశ్రోత:
వూఫరు తీశాను, గీకడం మొదలుపెట్టాను. జిగురు పెచ్చులు పెచ్చులుగా వస్తోంది, ఆశ్చర్యంగా ఉంది. పై మూల నుంచి సగం దాకా నీటి బొట్టు ఇంకుతోంది.

అడుగు పలక దగ్గర మాత్రం పరిస్థితి బాగాలేదు. వెనక మూలలో బోర్డు ఉబ్బి 18 మి.మీ. ఉండాల్సింది 21 మి.మీ. అయింది. గోటితో గీకినా పొడిగా రాలుతోంది. నేల తడి పట్టినట్టుంది. దీనికేం చేయాలి?

నీలిమేఘం:
ఉబ్బిన బోర్డును క్లాంపుతో నొక్కి మామూలు మందానికి తేవాలని చూడకండి. లోపల రెసిన్ పట్టు తెగిపోయి రవ్వలు విడిపోయాయి, నొక్కితే పొడి అవుతుంది. ముందు పూర్తిగా ఆరనివ్వాలి. పెట్టెను పొడి గదిలో, అడుగు గాలి తగిలేలా ఉంచండి. తడి మీద చేసిన ఏ పనీ నిలవదు.

ఆరాక వదులుగా ఉన్న రవ్వలన్నీ దులిపేయండి. నిదానంగా ఆరే ఎపాక్సీని కలిపే ముందు రెండు సీసాలూ గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే పలచబడుతుంది. దాన్ని బ్రష్షుతో ఉబ్బిన చోట పట్టించండి, బోర్డు తాగినంత తాగనివ్వండి. కలిపాక వెచ్చదనానికి తొందరగా గట్టిపడుతుంది కనుక కొంచెం కొంచెంగానే కలుపుకోండి. గట్టిపడ్డాక ఆ భాగం రాయిలా తయారవుతుంది, అప్పుడు చదునైన చెక్కకు గరుకు కాగితం చుట్టి 18 మి.మీ.కు రుద్దండి. ఆ మూలను అతికించడానికి కూడా ఎపాక్సీయే వాడండి. అక్కడ పీవీఏ ఇంకడానికి ఇక చోటు ఉండదు.

పని అంతా అయ్యాక అడుగుకు రబ్బరు కాళ్లు పెట్టండి. తడి ఎక్కే దారి మూయకపోతే ఏడాది తిరిగేలోపు మళ్లీ ఇదే.

పాతపెట్టె:
మూలల్లో లోపలి నుంచి చెక్క పట్టీలు కూడా అతికిస్తే బాగుంటుందండీ. 45 డిగ్రీల అతుకుకు జిగురు పట్టే వెడల్పు తక్కువ. 20 మి.మీ. చదరపు పట్టీ మూలలో కూర్చుంటే రెండు పలకల మీదా పట్టు పెరుగుతుంది.

మరమ్మతు_మిత్రుడు:
పట్టీలతో పాటు బయట నుంచి నాలుగు స్క్రూలు బిగిస్తే?

పాతపెట్టె:
పార్టికల్ బోర్డు అంచులోకి స్క్రూ దిగితే పొరలు చీలతాయి. ముందే రంధ్రం వేసినా అంచులో పట్టు అంతంతే. దానికి తోడు వినైల్ మీద తలలు కనిపిస్తాయి. పట్టీని లోపలి నుంచి పలకల వెడల్పు ముఖం మీదకు బిగించే చిన్న స్క్రూలైతే సరే, అది కూడా జిగురు ఆరేదాకా పట్టుకోవడానికి.

రాగశ్రోత:
పట్టీలు పెడితే లోపలి ఘనపరిమాణం తగ్గి బాస్ మారదా? పెట్టె ఎత్తు 80 సెం.మీ.

నాదలహరి:
లెక్క చూద్దాం. 20 మి.మీ. చదరపు పట్టీ, 800 మి.మీ. పొడవు అంటే 0.32 లీటరు. రెండు పట్టీలు 0.64 లీటరు. 40 లీటర్లలో నూటికి 1.6. పోర్టు ట్యూనింగు ఘనపరిమాణం వర్గమూలానికి విలోమంగా మారుతుంది కనుక తేడా నూటికి 0.8. ట్యూనింగు 40 హెర్ట్జ్ అనుకుంటే హెర్ట్జ్‌లో మూడో వంతు పెరుగుతుంది. ఏ చెవికీ అందదు. దాన్ని గురించి చింతించకుండా పట్టీలు వేయండి, పలక కంపనం తగ్గడం అదనపు లాభం. పోర్టు గొట్టం లోపలి కొసకు మాత్రం దగ్గరగా పట్టీ రాకూడదు.

చెక్కపొట్టు:
ఇప్పుడు అతికించే రోజు సంగతి. జిగురు లేకుండా ఒకసారి మొత్తం బిగించి చూడండి. అతుకు పూర్తిగా మూసుకుంటోందా, వెనక పలక గాడిలో కూర్చుంటోందా, మూలమట్టం సరిపోతోందా? వెనక వైపు ఎదురెదురు మూలల కొలతలు రెండూ సమానంగా రావాలి. పొడిగా మూసుకోని అతుకు జిగురుతోనూ మూసుకోదు. ఎక్కడో చిన్న జిగురు ముక్క అడ్డం పడి ఉంటుంది, వెతికి తీయండి.

బిగించడానికి లగేజీ కట్టే రాచెట్ బెల్టులు మూడు ఉంటే చాలు, పైన, మధ్యలో, కింద. లేకపోతే గట్టి తాడు రెండు చుట్లు వేసి మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పినా అదే బిగువు వస్తుంది. బెల్టు మూలల మీద వినైల్‌ను కొరకకుండా నాలుగు మూలలకీ మందపాటి అట్ట మడతలు పెట్టండి, అట్ట కింద పాలిథిన్ కాగితం. లేదంటే కారిన జిగురుకు అట్ట అంటుకుపోతుంది. అతుకు పక్కన వినైల్ మీద రెండు వైపులా పెయింటర్ల టేపు వేయండి.

పార్టికల్ బోర్డు అంచు జిగురును విపరీతంగా తాగేస్తుంది. అందుకని ముందు కొంచెం నీళ్లు కలిపిన జిగురు పలచగా ఒక పూత. అది ఇంకి జిడ్డుదేరాక అసలు జిగురు రెండు ముఖాలకీ. తెరుచుకోని సన్నటి సందులోకి సిరంజితో ఎక్కించి, లోపలి వైపు నుంచి వాక్యూమ్ గొట్టం ఆనించి క్షణం సేపు లాగండి. గాలితో పాటు జిగురు సందు లోతుకు దిగుతుంది. లోపల జిగురు చుక్క కనిపించగానే గొట్టం తీసేయాలి. ఇదంతా అయిదు పది నిమిషాల్లో అయిపోవాలి, పీవీఏ పైపొర కట్టిందంటే పట్టు పోతుంది. పక్కన ఇంకొకరు ఉంటే మేలు.

ఏ బెల్టునూ ఒకేసారి పూర్తిగా బిగించేయకుండా మూడింటినీ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించండి. అతుకు పొడవునా సన్నటి జిగురు పూసల వరుస బయటికి వస్తే బిగువు సరిపోయింది, అక్కడితో ఆపండి. పూసలు రాని చోట జిగురు చాలలేదని గుర్తు. కారినది తడి గుడ్డతో వెంటనే తుడవండి. మళ్లీ ఒకసారి ఎదురు మూలలు కొలవండి.

24 గంటలు కదపకండి. గది బాగా చల్లగా ఉంటే, 10 డిగ్రీల కంటే తక్కువైతే, ఆ రోజు ఈ పని పెట్టుకోకండి. చలికి పీవీఏ పొర కట్టకుండా సుద్దలా తెల్లగా ఎండిపోతుంది, దానికి బలం ఉండదు.

రాగశ్రోత:
అయిందండీ! అడుగు మూల ఎపాక్సీతో రాయిలా గట్టిపడింది, నీలిమేఘం గారు అన్నట్టే. అతుకు పొడవునా పూసల వరుస వచ్చింది. బెల్టులు విప్పాక వేలిగోరుతో వెతికినా సందు తగలట్లేదు. పట్టీలు కూడా వేశాను.

ఇక లోపల అతుకుల వెంట ఏదైనా పూయాలా?

నాదలహరి:
పూయండి. మిత్రుడు గారు మొదట్లో చెప్పిన సిలికాన్ ఇప్పుడు పనికొస్తుంది. అతుకు బలం జిగురు చూసుకుంటోంది కనుక, సిలికాన్‌కు మిగిలింది దానికి చేతనైన పని, సన్నటి సందులు మూయడం. అయితే న్యూట్రల్ రకమే తీసుకోండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, మూసిన పెట్టెలో అది రాగి తీగలను, టంకాలను తింటుంది. యాక్రిలిక్ సీలెంట్ కూడా చక్కగా సరిపోతుంది. ఏది పూసినా పూర్తిగా ఆరి వాసన పోయాకే వూఫరు బిగించండి.

మరమ్మతు_మిత్రుడు:
సిలికాన్‌కు సరైన చోటు దొరికింది, సంతోషం. వూఫరు మరల రంధ్రాలు వదులైతే అగ్గిపుల్లకు జిగురు రాసి దూర్చి, ఆరాక మర బిగించండి. మరలు ఎదురెదురుగా వంతులేసి బిగించాలి, వరసగా కాదు. పాత గాస్కెట్ చిరిగి ఉంటే గాలి దూరని రకం (మూసిన రంధ్రాల) ఫోమ్ టేపు చుట్టూ వేయండి.

రాగశ్రోత:
వూఫరు పెట్టి పరీక్షించాను. గరగర పూర్తిగా పోయింది. నొక్కి వదిలితే కోను ముందుకంటే చాలా తాపీగా వస్తోంది, కానీ కుడిదానంత కాదు. 50 హెర్ట్జ్ దగ్గర ఇంకా సన్నటి బుస వినిపిస్తోంది. అతుకుల వెంట తడి వేలికి ఏమీ తగలట్లేదు. నా అతుకు ఎక్కడో సరిగా పడలేదంటారా?

నీలిమేఘం:
అతుకు బాగుందనే అనుకుంటున్నాను. వెనక తీగలు తగిలించే టెర్మినల్ కప్పు చుట్టూ, ఆ తర్వాత పోర్టు గొట్టం అంచు చుట్టూ చూడండి. పలచటి ప్లాస్టిక్ కప్పును నాలుగు మరలతో బిగించి గాస్కెట్ లేకుండా వదిలేసిన పెట్టెలు చాలా ఉన్నాయి. పెద్ద సందు ఉన్నంత కాలం ఇలాంటి చిన్నవి బయటపడవు.

రాగశ్రోత:
టెర్మినల్ కప్పేనండీ! దాని కింది అంచు దగ్గర వేలు పెడితే చల్లగా తగిలింది. విప్పి చూస్తే గాస్కెట్ లేదు, ప్లాస్టిక్ కొంచెం వంగి ఉంది. ఫోమ్ టేపు చుట్టూ వేసి బిగించాను. బుస పోయింది. రెండు స్పీకర్ల కోన్లూ ఇప్పుడు ఒకే తీరుగా వెనక్కి వస్తున్నాయి. కింది స్వరాలు మళ్లీ నిండుగా వినిపిస్తుంటే ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

కుడిదాని అతుకులు గట్టిగానే ఉన్నాయి, కానీ దాని అడుగుకు కూడా రబ్బరు కాళ్లు పెట్టేశాను.

కొత్తతీగ:
ఈ చర్చ మొత్తం చదివాను, చాలా నేర్చుకున్నాను. నాది గిటార్ స్పీకరు పెట్టె, ప్లైవుడ్‌ది, మూలల్లో వేళ్లు కలిపినట్టు పళ్ల అతుకు. కింద పడి ఒక మూల కదిలింది. నాకూ ఇదే పద్ధతా?

చెక్కపొట్టు:
పద్ధతి అదే, పని ఇంకా సులువు. ప్లైవుడ్ నీటికి పార్టికల్ బోర్డులా ఉబ్బిపోదు, పళ్ల అతుకులో జిగురు పట్టే వైశాల్యం కూడా ఎక్కువ. పైన గుడ్డ తొడుగు ఉంటే ఆ మూలలో మాత్రం కొంచెం లేపి, పళ్ల మధ్య పాత జిగురు గీకి, పీవీఏ పూసి రెండు దిశల్లోనూ క్లాంపులు వేయండి. ఒక్క దిశలోనే బిగిస్తే పళ్లు పక్కకు జరుగుతాయి. పన్ను విరిగి ఉంటే ఆ చోట ఎపాక్సీ. పడిన పెట్టె కాబట్టి వూఫరు అయస్కాంతం పక్కకు జరిగిందేమో ముందే చూసుకోండి. కోనును వేళ్లతో మెల్లగా లోపలికీ బయటికీ కదిపితే గీసుకుంటున్న చప్పుడు రాకూడదు.